ఎడమచేతి ముద్ద

పోర్టు క్వార్టర్లు, విశాఖపట్నం,
12-6-1985

అప్పకు,

తమ్ముడు గురునాథం దణ్ణం పెట్టి రాస్తున్నాడు. రెండు నెలలుగా ఉత్తరం ముక్క లేదని నువ్వు నన్ను తిట్టుకుంటూ ఉంటావు. తిట్టు. నువ్వు పంపిన ఆవకాయ జాడీ మాత్రం పగలకుండా చేరింది. ఉప్పు ఒక పిసరు తక్కువైంది. ఆ మాట నేననలేదు, నీ మేనల్లుడు త్రినాథు అన్నాడు.

అసలు సంగతి చెబుతాను, కంగారు పడకు. నా కుడిచేతి మణికట్టు మీద గడ్డ లేస్తే పోయిన ఏడాది నువ్వే వేపాకు, పసుపు నూరి కట్టావు, గుర్తుందా? అప్పుడు రేగుపండంత ఉండేది. ఇప్పుడు నిమ్మకాయంత అయింది. నొప్పి పెద్దగా లేదు గాని వేళ్ళు మొద్దుబారుతున్నాయి. నా పని ఎలాంటిదో నీకు తెలుసు. ఓడ అడుగున సరుకు ఎక్కడ దించాలో పైన క్రేన్ నడిపేవాడికి కనపడదు. నేను అంచున నిలబడి చెయ్యి చూపిస్తేనే వాడు దించుతాడు, ఆపుతాడు. పదిహేను రోజుల కిందట ఆపమని పిడికిలి బిగించబోతే వేళ్ళు ముడుచుకోలేదు. బస్తాల మోపు ఒక గజం ఎక్కువ దిగిపోయింది. కింద ఉన్నవాళ్ళు తప్పుకున్నారు. ఎవరికీ ఏమీ కాలేదు గాని ఆ రోజు ఇంకొక్క మోపుకి కూడా నేను చెయ్యి చూపించలేదు.

డాక్టరు చూసి అరగంట పని అన్నాడు. చెయ్యి ఒక్కటే మొద్దుబారేలా సూది వేసి గడ్డ తీసేస్తారట. తర్వాత మూడు వారాలు వేళ్ళ దాకా కట్టు. ఆలస్యం చేస్తే పట్టు పూర్తిగా పోతుందట. అది తీయించుకునే దాకా ఓడ మీదికి రానివ్వరు. తీయించుకోకపోతే రిటైరయ్యే దాకా గేటు దగ్గర కుర్చీయే. ఇప్పుడు అక్కడే కూర్చుంటున్నాను. వచ్చే లారీలు, పోయే లారీలు.

కత్తికి భయం లేదప్పా. నవ్వకు, నా భయం అన్నం దగ్గర. మూడు వారాలు కుడిచెయ్యి కట్టులో ఉంటే నేను తినేదెలా? నీ మరదలు గౌరీశ్వరి ఉంటే ఈ ఉత్తరం రాసే పనే లేదు. ఆమె పోయి నాలుగేళ్ళైంది. త్రినాథుకి కొత్తగా కడుతున్న ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ, ఒక వారం తెల్లారకుండా పోతాడు, ఒక వారం మధ్యాహ్నం పోతే పడుకునే వేళకి గాని రాడు. ఇక మిగిలింది కోడలు కాంతం. పెళ్ళయి ఏడాదిన్నరైనా ఆ బందరు పిల్ల నా ఎదుట పీట మీద కూర్చోలేదు. వడ్డించి లోపలికి వెళ్ళిపోతుంది. ఆమె చేత ముద్దలు తినిపించుకోనా? లేక ఆమె చూస్తూండగా ఎడమచేత్తో తినమంటావా? అంతకంటే గేటు దగ్గర కుర్చీయే నయమేమో అనిపిస్తోంది.

బావకి నమస్కారాలు.

నీ తమ్ముడు,
గురునాథరావు


చీపురుపల్లి,
20-6-1985

తమ్ముడు గురునాథానికి,

నీ అప్ప ఆదిలక్ష్మి ఆశీర్వదించి రాసేది. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఏడ్చాను, రెండోసారి ఒళ్ళు మండింది. యాభై రెండేళ్ళొచ్చాయి, ఇరవై ఏడేళ్ళుగా ఓడల మీద బతికావు, ఇప్పుడు అన్నం ముద్దకి భయపడి చెయ్యి పోగొట్టుకుంటావా?

నీకు నాలుగేళ్ళప్పుడు బండి మీంచి పడి ఇదే చెయ్యి విరగ్గొట్టుకున్నావు. అమ్మ పొలం పనికి పోతే నలభై రోజులు నీకు అన్నం పెట్టింది ఎవరు? నేనే. నాకప్పుడు పదకొండేళ్ళు. ముద్దతో పాటు నా వేలు కొరికేవాడివి, అది పప్పులో మిరపకాయ అనుకున్నానని చెప్పేవాడివి. ఇప్పుడు పళ్ళు సగం ఊడిపోయి ఉంటాయి కాబట్టి నాకు భయం లేదు. నేనొస్తాను. మూడు వారాలూ ఉంటాను. నాట్లకు మీ బావ ఉన్నాడు, కూలీలున్నారు. మీ బావకి అన్నం ఎవరు పెడతారని అడగకు. ఆయనకి రెండు చేతులూ బాగానే ఉన్నాయి.

మంగళవారం కత్తి పెట్టనివ్వకు. శనివారం అసలు వద్దు. కట్టు ఉన్నన్నాళ్ళు వంకాయ, గోంగూర, చేపలు ఇంటి ఛాయలకి రాకూడదు. బీరకాయ, పొట్లకాయ, కందిపచ్చడి, వేడన్నం, నెయ్యి. ఇవన్నీ నేను చూసుకుంటాను. సింహాద్రి అప్పన్నకి మొక్కుకున్నాను, నీ చెయ్యి నయమైతే నువ్వు మెట్లెక్కి వస్తావని. నా మోకాళ్ళు సహకరించవు కాబట్టి నీ పేరు మీదే మొక్కాను.

ఉప్పు సరిపోయింది. త్రినాథు నాలుక సరిగ్గా లేదు.

నీ అప్ప,
ఆదిలక్ష్మమ్మ


పోర్టు క్వార్టర్లు,
4-7-1985

అప్పకు,

నువ్వొస్తానన్న మాట చదివాక నా గుండె మీంచి బస్తా దించినట్టయింది. ఆ రోజే వెళ్ళి డాక్టరుకి సరే అని చెప్పాను. ఆయన ఆపరేషన్లు చేసేది మంగళవారం, శుక్రవారం. నీ మాట ప్రకారం శుక్రవారం తీసుకున్నాను. ఈ నెల ఇరవై ఆరు. నువ్వు ఇరవై నాలుగో తేదీ సాయంత్రం ప్యాసింజరుకి వస్తే చాలు. త్రినాథు స్టేషనుకి వస్తాడు.

క్రేన్ మీద పనిచేసే వీర్రాజు నిన్న గేటు దగ్గరికొచ్చి పక్కన కూర్చున్నాడు. “బావా, అడుగున ఏటున్నాదో నాకు నీ సెయ్యి సూత్తేనే తెలుత్తాది. కొత్తోడిని ఎట్టినారు. ఆడు ఈగల్ని తోల్తన్నాడో, దింపమంతన్నాడో నాకు తెలవట్నేదు. నువ్వు బేగి రా” అన్నాడు. నాకు చాలా సంతోషమైంది. పైకి మాత్రం కొత్తవాడు కూడా నేర్చుకుంటాడులే అన్నాను.

ఒక సంగతి మనసులో మెదులుతోంది. ఆపరేషను ఖాయమైందని ఇంట్లో చెప్పినప్పటి నుంచి కాంతం వరస మారింది. ఇదివరకు మేం తిన్నాక వంటింటి తలుపు తెరిచి ఉంచి రేడియో వింటూ తినేది. ఇప్పుడు తలుపేసుకుని తింటోంది. మొన్న మంచినీళ్ళకని తలుపు తోస్తే గబుక్కున కంచం పక్కకి నెట్టి, చెయ్యి కొంగులో దాచుకుంది. నేనే తప్పు చేసినట్టు వెనక్కొచ్చేశాను. నా చేతి గడ్డ చూసి అసహ్యం పుట్టిందా? లేక మన వంట నచ్చక విడిగా ఏమైనా వండుకుంటోందా? నువ్వు దీన్ని పెద్దది చేయకు. ఊరికే రాశాను.

నీ తమ్ముడు,
గురునాథరావు


చీపురుపల్లి,
12-7-1985

తమ్ముడికి,

పెద్దది చేయకు అని రాస్తే ఎవరైనా చేయకుండా ఉంటారా? నాలుగు రోజులు ఆలోచించాను. నాకు తెలిసిపోయింది. నువ్వు మగాడివి, నీకు తట్టదు. చాటుగా తింటోంది, చూస్తే దాచుకుంటోంది, సిగ్గుపడుతోంది. ఒరే, ఆ పిల్ల నెల తప్పింది. పులుపు మీదికి మనసు పోయి ఉంటుంది. అత్తగారు లేని ఇల్లు, నోరు తెరిచి ఎవరికి చెబుతుంది? నువ్వు తాతవి కాబోతున్నావు, గడ్డ సంగతి తర్వాత.

పుల్లటివి ఏమైనా తెచ్చి మాట్లాడకుండా వంటింటి గుమ్మం దగ్గర పెట్టు. ఏమీ అడగకు. నేనొచ్చి మిగతాది కనుక్కుంటాను. పాత చీరలు నాలుగు ఉతికి మడతపెట్టాను పొత్తిళ్ళకి. మీ బావ “ఏటే, తమ్ముడి సేతికి ఇన్ని గుడ్డలెందుకూ?” అని అడిగాడు. చెప్పలేదు.

ఇరవై నాలుగున ప్యాసింజరులో ఉంటాను.

నీ అప్ప


పోర్టు క్వార్టర్లు,
19-7-1985

అప్పా,

నువ్వు నా పరువు తీశావు. ఊరంతా తిరిగి, కాలం దాటిపోయిన మామిడికాయలు ఎక్కడో దొరికితే రెండు డజన్లు తెచ్చి గుమ్మం దగ్గర పెట్టాను. కాంతం వాటిని చూసి, నన్ను చూసి, మర్నాటికి మొత్తం తురిమి ఎండబెట్టింది. త్రినాథు వచ్చి “ఏటి నాన్నా, ఈ మామిడికాయలేటి? సేతికి కడతావేటి?” అన్నాడు. మెల్లగా సంగతి అడిగితే పగలబడి నవ్వాడు. అలాంటిదేమీ లేదట. చీరలు మడత విప్పెయ్యి.

కానీ తలుపు మాత్రం వేసే ఉంటోంది. నిన్న వరండాలో ఉండగా లోపలి మాటలు వినపడ్డాయి. కాంతం త్రినాథుతో “ఇంకా ఎన్నాళ్ళు దాస్తామండీ, మావయ్యగారు చూశారంటే బాధపడతారేమో” అంటోంది. వాడు “ఆపరేషను అయ్యే దాకా ఆగు” అన్నాడు. నాకు అర్థమైంది. వాడికి ఉక్కునగరంలో క్వార్టరు వచ్చి ఉంటుంది. వెళ్ళిపోవాలనుకుంటున్నారు, నా ముఖం మీద చెప్పలేక దాస్తున్నారు. వెళ్ళనీ అప్పా, నేను వద్దనను. కొత్త సంసారం. ఒక్కటే అనిపించింది, ఆ పిల్ల ఈ ఇంట్లో ఉందన్న సంగతి నాకు గాజుల చప్పుడు వల్లే తెలుస్తుంది, ఇక అదీ వినపడదు.

ఏమైనా నువ్వు రా. నువ్వు రాకపోతే నేను ఆసుపత్రికి పోను. ఇది బెదిరింపు అనుకో, మరేమైనా అనుకో.

గురునాథం


చీపురుపల్లి,
23-7-1985

ఒరే తమ్ముడూ,

ఏ ముఖం పెట్టుకుని రాయను? మీ బావ పెదనాన్న అప్పలసూరి నిన్న పోయాడు. తొంభై రెండేళ్ళు. పదేళ్ళుగా ఇవాళో రేపో అంటూ ఉన్నాడు, ఆ రేపు ఇప్పుడే వచ్చింది. ఇంటింటికీ మైల. పెద్దకర్మ అయ్యే దాకా దాయాదులం ఎవరమూ ఇంకొకరి గడప తొక్కకూడదు. అందులోనూ కత్తి పడబోయే మనిషి ఇంటికి మైలతో రావడమా? నేను రాలేను. సర్దిన సంచి ముందు కూర్చుని ఏడుస్తున్నాను. అందరూ పోయిన పెద్దాయన కోసం అనుకుని ఓదారుస్తున్నారు.

నువ్వు మాత్రం ఆగకు. నా మీద ఒట్టు. ఆ పిల్ల వెళ్ళిపోయేదైనా ఉండేదైనా, ఈ మూడు వారాలు ఆమె చేతి ముద్ద తిను. కూతురుంటే తినవా? నాకు ఆమె మీద కోపంగానే ఉంది, అయినా రాస్తున్నాను. ఈ ఉత్తరం శుక్రవారం లోపల చేరితే బాగుండు.

అప్ప


పోర్టు క్వార్టర్లు,
2-8-1985

అప్పకు,

ఈ ఉత్తరంలో అక్షరాలు గుండ్రంగా, ముత్యాల్లా ఉన్నాయని ఆశ్చర్యపోకు. నేను చెబుతుంటే కాంతం రాస్తోంది. నా కుడిచెయ్యి తెల్లటి కట్టులో మెడకి వేలాడుతోంది. అంటే ఆపరేషను అయిపోయింది. గడ్డ పోయింది. వేళ్ళు కదులుతున్నాయి. డాక్టరు మళ్ళీ ఓడ మీద నిలబడొచ్చన్నాడు.

నీ ఉత్తరం శనివారం అందింది. అంటే బుధవారం, గురువారం నాకు ఏమీ తెలియదు. బుధవారం త్రినాథు సెలవు పెట్టి స్టేషనులో ప్యాసింజరు ఖాళీ అయ్యే దాకా నిలబడి వచ్చాడు. గురువారం వాడికి మధ్యాహ్నం డ్యూటీ, నేనే వెళ్ళాను. నువ్వు దిగలేదు. ఇంటికొచ్చి చెప్పుల్లోనే నిలబడి, రేపు నేను ఆసుపత్రికి పోవడం లేదు, త్రినాథు వస్తే డాక్టరుకి కబురు పెట్టమను అని కాంతంతో అన్నాను. గోడ వైపు చూసి అన్నాను. ఆమె సరేనండి అంది.

కంచం పెట్టింది. ఆకలి లేదమ్మా అన్నాను. లోపలికెళ్ళింది. ఇక రాదనుకున్నాను. తన కంచం తీసుకుని వచ్చి, నా ఎదురుగా నేల మీద కూర్చుంది. నేను తల దించుకున్నాను. “మావయ్యగారూ, ఒక్కసారి ఇటు చూడండి” అంది. చూశాను. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తో అన్నంలో పప్పు కలిపి, ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది. మెతుకు కింద పడలేదు.

అప్పా, మన ఇళ్ళలో చిన్నపిల్ల ఎడమచెయ్యి కంచంలో పెడితే దెబ్బ వేస్తాం. అలాంటిది పెళ్ళై వచ్చిన పిల్ల మామగారి ముందు కూర్చుని ఎడమచేత్తో తింటోంది. “మొదటి వారం ముక్కుకి తగిలేదండీ. ఆయన కూడా ప్రయత్నించి చొక్కా నిండా పప్పు పోసుకున్నారు. మీకు చెబుదామంటే, మిమ్మల్ని వెక్కిరిస్తున్నామని అనుకుంటారేమోనని భయమేసింది. పెద్దమ్మగారు వస్తే ఈ అవసరమే ఉండదనుకున్నాం. ఒక్కరే తింటే సిగ్గండీ. ఇంట్లో అందరం అలాగే తింటుంటే ఇంక ఎవర్ని చూసి సిగ్గుపడతారు?” అంది.

తలుపేసుకున్నది ఇందుకు. ఉక్కునగరం క్వార్టరుకి వాళ్ళింకా కాగితమే పెట్టలేదు. నేను ఎన్ని అనుకున్నానో, నీకు ఏమేమి రాశానో తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. (ఏం రాశారండీ అని కాంతం అడుగుతోంది. తర్వాత చెబుతానన్నాను. నీ దగ్గరున్న పాత ఉత్తరాలు దాచెయ్యి.)

నేను ఎడమచెయ్యి కడుక్కుని కంచంలో పెట్టాను. కళ్ళు మసకబారి ముద్ద సగం పంచె మీద పడింది. “పర్వాలేదండీ, నాకూ పడేది” అంది. మర్నాడు ఉదయం ఏడు గంటలకి ఆసుపత్రిలో ఉన్నాను. ఇప్పుడు పూటపూటకీ ముగ్గురం ఎడమచేత్తోనే తింటున్నాం. చారు మాత్రం మోచెయ్యి దాకా వస్తోంది.

ఇలాంటి కోడలు ఉత్తరాంధ్ర మొత్తంలో లేదు. (ఈ మాట కాంతం రాయనంది. మావయ్య మాట కాదంటావా అని రాయించాను.) మైల తీరాక రాయి.

నీ తమ్ముడు చెప్పగా రాసినది కాంతం. పెద్దమ్మగారికి నమస్కారాలు. మామిడి తురుము పచ్చడి పెట్టాను, ఉప్పు సరిపోయింది.


చీపురుపల్లి,
12-8-1985

గురునాథానికి, కాంతానికి ఇద్దరికీ ఆదిలక్ష్మమ్మ ఆశీస్సులు.

అమ్మా కాంతం, ముందు నీతో మాట్లాడాలి. నేను నిన్ను చాలా అనుకున్నాను. ఏమనుకున్నానో రాయను. నలభై రోజులు వాడికి ముద్దలు పెట్టిన దాన్ని గనక వాడి మనసు నాకే తెలుసని గర్వం నాకు. నేనొచ్చి ఉంటే వాడికి తినిపించేదాన్ని, అంతే. వాడికి కావలసింది అది కాదని నువ్వు కనిపెట్టావు. కొంచెం కుళ్ళుగా ఉందమ్మా, అబద్ధమెందుకు. దానికంటే సంతోషం ఎక్కువగా ఉంది.

తమ్ముడూ, నీ ఉత్తరం చదివిన పూట నేను కూడా చూద్దామని ఎడమచేత్తో ముద్ద కలిపాను. మీ బావ చూసి కంచం దగ్గర్నుంచి లేచిపోయి “ఓలమ్మో, దీనికి పచ్చవాతం వచ్చినట్టున్నాది, డాట్రు కాడికి ఎవులైనా ఎల్లండి” అని వీధిలో కేకలేశాడు. పెద్దకర్మకి వచ్చిన చుట్టాలంతా పోగయ్యారు. కుడిచెయ్యి పైకెత్తి చూపించే దాకా ఎవరూ కదల్లేదు. ఇప్పటికీ మీ బావకి పూర్తి నమ్మకం కుదరలేదు, రోజూ నా చెయ్యి నొక్కి చూస్తున్నాడు.

కట్టు విప్పాక వేళ్ళు నువ్వుల నూనెతో మర్దనా చెయ్యి, పై నుంచి కిందికి. ఓడ మీదికి తొందరపడి పోకు. మొక్కు మరిచిపోకు.

మీ ఆదిలక్ష్మమ్మ


పోర్టు క్వార్టర్లు,
29-8-1985

అప్పకు,

ఇవి నా అక్షరాలే. వంకరగా ఉన్నా నావే. పదహారో తేదీన కట్టు విప్పారు. వేళ్ళు మొదట కర్రల్లా ఉన్నాయి. నూనె రాసి, రబ్బరు బంతి నొక్కి దారిలోకి తెచ్చాను. సోమవారం ఓడ మీదికి వెళ్ళాను. పిడికిలి బిగించాను. మోపు గాలిలో ఠక్కున ఆగింది. వీర్రాజు పై నుంచి “వచ్చీసినాడు రా మా బావ” అని అరిచాడు. గేటు దగ్గర కుర్చీలో ఇప్పుడు ఎవరో కూర్చున్నారు, నేను అటు చూడలేదు.

కానీ నీకు రాయాలనుకున్నది దానికి ముందు రోజు సంగతి. ఆదివారం మధ్యాహ్నం డాక్టరు చెప్పినట్టు కుడిచేత్తో తినడం మొదలుపెట్టాను. మొదటి ముద్ద సరిగ్గా నోటికి చేరింది. కాంతం చూసి “హమ్మయ్య” అంది. ఇంకొంచెం అన్నం వడ్డించి, కూర గిన్నె నా పక్కన పెట్టి, తన కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ పిల్ల తప్పేమీ లేదు. నాకు బాగయింది, ఇక ఎదుట కూర్చుని తినడం బాగుండదనుకుంది. ఈసారి తలుపు వేసుకోలేదు. గాజుల చప్పుడు వినపడుతోంది.

రెండో ముద్ద కలిపాను. చెయ్యి లేవలేదు. వేళ్ళు బాగానే ఉన్నాయప్పా, నొప్పి లేదు. మనసు లేవలేదు. అప్పట్లో ఎవరి ముందు తినడానికి సిగ్గుపడి చచ్చానో, ఆ పిల్ల ఎదురుగా లేకపోతే నాకు అన్నం సయించలేదు.

కంచం పట్టుకుని లేచి వంటింట్లోకి వెళ్ళాను. కాంతం కంగారుగా లేవబోయింది. కూర్చోమ్మా, నువ్వు ఎక్కడ తింటే నేనూ అక్కడే తింటాను అని, పొయ్యి పక్కన చోటు చూసుకుని కూర్చున్నాను. ఆమె నా కంచం తన వైపుకి కొంచెం జరిపి నెయ్యి వేసింది. త్రినాథు కూడా కంచం తెచ్చుకుని గుమ్మంలో ఇరుక్కున్నాడు.

ఇవాళ్టికి ఐదో రోజు. ఆ వంటిల్లు ఎంతో నీకు తెలుసు, ముగ్గురి మోకాళ్ళూ ఒకదానికొకటి తగులుతున్నాయి. ముందు గదిలో బోలెడు చోటుంది. అయినా అక్కడే తింటున్నాం. నువ్వొచ్చినప్పుడు నీకూ కాస్త జరుగుతాం.

నీ తమ్ముడు,
గురునాథం